కిరోసిన్ సీసాలో సోడియం



కిరోసిన్‌లో దాచిన సోడియాన్ని సైన్సు మాస్టారు బియ్యపుగింజంత కోసి నీళ్లలో వేయడం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది పూసలా కరిగి, బుసబుసమంటూ నీటిమీద పరుగెడుతుంది. ఫినాఫ్తలీన్ చుక్క వేస్తే ఆ నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. పొటాషియమైతే లేత ఊదారంగు మంటతో మండుతుంది.

ఈ రెండు లోహాలనూ 1807లో హంఫ్రీ డేవీ విద్యుత్తుతో వేరుచేశాడు. పెద్ద ముక్క పేలడానికి కారణం హైడ్రోజన్ అంటుకోవడమేనని మనం చదువుకున్నాం. కానీ పుట్టిన వాయువు లోహానికీ నీటికీ మధ్య పొరలా అడ్డుపడి, చర్యను నెమ్మది చేయాలి కదా! ఈ ప్రశ్నకు 2015లో ప్రాగ్‌లోని పావెల్ యుంగ్‌విర్త్ బృందం జవాబు చెప్పింది. ఎలక్ట్రాన్లు రెప్పపాటుకన్నా ఎంతో వేగంగా నీటిలోకి పోతాయి. మిగిలిన ధనావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకోవడంతో లోహం ముళ్లలా బయటికి చీలుతుంది. ఆ ముళ్లను వాళ్లు అతివేగ కెమెరాలో పట్టుకున్నారు.

ఇంత పాత పాఠంలోనూ అడగాల్సిన ప్రశ్న మిగిలే ఉందన్నమాట. అలాంటి ప్రశ్న ఫోనులో వీడియో చూసినప్పటికన్నా కళ్లెదుట ప్రయోగం జరిగినప్పుడే బాగా పుడుతుంది. రక్షణ కళ్లద్దాలు, అడ్డుతెర, మంచి సామగ్రి ఉంటే మాస్టార్లు ధైర్యంగా చేసి చూపిస్తారు. స్వర్ణోత్సవ కానుకగా మన బడి ప్రయోగశాలకు వాటిని సమకూరుద్దామని నా మనవి.

సెలవు.