జాషువ పంతులుగారి పద్యము

మా బాల్యమున ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో తిరునాళ్ళ రాత్రి హరిశ్చంద్ర నాటకము ఆడని యూరు అరుదు. పెట్రోమాక్సు దీపముల వెలుగులో కాటిసీను వచ్చునప్పటికి తెల్లవారుజాము కావచ్చును. ఒడిలో నిద్రించు పిల్లలను తల్లులు తట్టి లేపెడివారు. కాటికాపరి వేషములోని హరిశ్చంద్రుడు శ్మశానమును చూచి పద్యము లెత్తుకొనగానే పందిరి యంతయు నిశ్శబ్దమగును. పద్యము ముగిసిన మరుక్షణమే నాలుగు మూలలనుండి ‘వన్సుమోర్’ అని కేకలు!

నాటకము బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారిది. ఆ శ్మశాన పద్యములు మాత్రము వారివి కావు. అవి గుర్రం జాషువగారి ఖండకావ్యములోనివి. నటులు వానిని తెచ్చి నాటకమున చేర్చుకొనిరి. ఈ సంగతి తెలియనివారు నేటికిని పెక్కుమంది.

జమ్మలమడుగు దాపున మే మెరిగిన పెద్దరైతొకరు ఆ పద్యములను కంఠస్థము చేసి, సాయంకాలము అరుగుమీద కూర్చుండి రాగము తీసి పాడుకొనెడివారు. ఆ అరుగెక్కుటకు ఊరిలో కొందరికి అనుమతి లేదు. ఆ పద్యములు వ్రాసినవా రెవరో, ఏ యింట పుట్టినవారో మేము చెప్పిననాడు ఆయన చాలసేపు మాటాడలేదు. పిదప “అట్లనా!” అని మాత్ర మనిరి. మరునాటి సాయంకాలము పద్యము యథాప్రకారము వినవచ్చినది. అరుగు కూడ యథాప్రకారముగనే యున్నది.

జాషువగారు 1895 సెప్టెంబరు 28వ తేదీన వినుకొండలో ఒక క్రైస్తవ కుటుంబమున జన్మించిరి. తండ్రి వీరయ్యగారు యాదవులు, తల్లి లింగమాంబగారు మాదిగ కులమువారు. రెండు కులముల కలయికవలన కలిగిన శిశువును ఊరు రెండు విధముల వెలిగా చూచినది. బడిలో తోటి పిల్లలు కులము పేరెత్తి పరిహసించినపుడు ఈ బాలుడు తల వంచుకొని పోవు రకము కాడు, తిరుగబడి కొట్టు రకము. వినుకొండలో నొక అవధాన సభయందు తాను వ్రాసిన పద్యములు చదువగా, ఇట్టివానిని సభలోనికి ఎందుకు రానిచ్చితిరని కొందరు పెద్దలు అడిగిరట. పద్యములో తప్పు పట్టలేనివారు పద్యము చదివినవానిలో తప్పు పట్టిరి!

లండను మిషనువారు కడప జిల్లాలో నడపిన బడులను, జమ్మలమడుగులోని క్యాంబెల్ ఆసుపత్రిని ఎరిగిన మన ప్రాంతమువారికి మిషను బడి పంతులు బ్రతుకెట్టిదో విస్తరించి చెప్పనక్కరలేదు. వినుకొండ సీమలో జాషువగారు చేరిన అట్టి యుద్యోగమునకు జీతము నెలకు మూడు రూపాయలు. అప్పటికే, 1910లో, మేరియమ్మగారితో వివాహమైనది. కొంతకాలమునకు ఆ మూడు రూపాయలును పోయినవి.

అంతట ఆయన రాజమహేంద్రవరము చేరి 1915–16 ప్రాంతమున ఒక చిత్రమైన పని చేసిరి. ఆనాడు చలనచిత్రములకు నోరు లేదు. తెరమీద బొమ్మలు కదలుచుండగా ఒకరు ప్రక్కన నిలిచి కథను, సంభాషణలను గట్టిగా చదువవలెను. రాజునకు రాజు గొంతు, దాసికి దాసి గొంతు తానే కావలెను. జాషువగారు అట్టి వాచకులైరి. చీకటిలో వినబడు గొంతునకు కులమేమని అడిగిన ప్రేక్షకుడు లేడు. దీపము వెలిగిన పిమ్మట నేమో, ఆ మాట వేరు.

తరువాత గుంటూరిలో లూథరను సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేండ్లు, 1928 నుండి 1942 వరకు ప్రభుత్వ పాఠశాలలో ఉభయభాషా పండితులుగా పనిచేసిరి. జూపూడి హనుమచ్ఛాస్త్రిగారికడ మేఘసందేశము, రఘువంశము, కుమారసంభవము చదువుకొన్న శిష్యుడాయన. ఒకప్పుడు ఇట్టి చదువు తనకేల యనిన లోకమునకే ఇపుడు పాఠము చెప్పవలసివచ్చినది. అయినను శాంతి లేదు. హిందూ పురాణ కథలను పద్యములలో పాడుచున్నాడని క్రైస్తవులలో కొందరు ఆయనను దూరముంచిరి. క్రైస్తవుడనియు, అంటరానివాడనియు తక్కినవారు దూరముంచిరి. ఇరువురి మధ్యను నిలిచి రాత్రులందు పద్యము వ్రాసికొనిన పంతులుగారిని తలచుకొన్నపుడు మాకు జాలికంటె ఆశ్చర్యమే యెక్కువగా కలుగును.

1932లో ‘ఫిరదౌసి’ వెలువడినది. పద్యమున కొక బంగారు నాణెమిత్తునని మాట యిచ్చిన గజనీ సుల్తాను, మహాకావ్యము ముగిసిన పిదప వెండి నాణెములు పంపిన కథ అది. పారసీక కవి దుఃఖమును తెలుగు పంతులు ఇంత బాగుగ ఎట్లు చెప్పగలిగెనని అడుగువారు మూడు రూపాయల జీతమును మరువరాదు.

1941లో ‘గబ్బిలము’ వచ్చినది. కాళిదాసుని యక్షుడు మేఘమును దూతగా పంపెను. ప్రియావియోగము తప్ప అతనికి వేరు కొరత లేదు. జాషువగారి నాయకుడు తంజావూరి సీమలోని నిరుపేద, అంటరానివాడు. చీకటివేళ అతని గుడిసెలోనికి దారి తప్పి వచ్చిన దొక గబ్బిలము. లోకము అశుభమని తరుము ప్రాణి యది. కాని ఆలోచింపుడు: గుడిలోనికి పోగలిగిన దదియే! గర్భగుడి చూరున తలక్రిందుగా వ్రేలాడు గబ్బిలమును ద్వారముకడ నిలిపి కులమడుగువారు లేరు. కనుక నా మొర శివుని చెవిలో వేయుము, పూజారి లేని సమయము చూచి చెప్పుమని అతడు దానిని వేడుకొనును. పూజారి లేని సమయము చూడుమను ఆ యొక్క జాగ్రత్తలో ఎన్ని తరముల అనుభవ మున్నదో! మేఘసందేశమును గురుముఖమున చదివిన శిష్యుడు గురుదక్షిణ ఈ విధముగ చెల్లించెనని మా యభిప్రాయము. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమానము వచ్చినది. అది పెద్ద గౌరవమే. అయినను ఒకే పుస్తకము మిగుల్చుకొమ్మన్నచో మేము గబ్బిలమునే తీసికొందుము.

తిరుపతి వేంకటకవులలో నొకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు స్వహస్తములతో జాషువగారి పాదమునకు గండపెండేరము తొడిగిరి. శతావధానియైన బ్రాహ్మణ పండితుడు వంగి ఆ పాదమును తాకిన దృశ్యమును చూచినవారిలో వెనుకటి అవధాన సభను ఎరిగినవా రెవరైన ఉండిరో లేరో!

1957 నుండి 1959 వరకు ఆయన మద్రాసు రేడియో కేంద్రమున కార్యక్రమ నిర్మాతగా ఉండిరి. మూగచిత్రములకు గొంతిచ్చినవారు మరల గొంతును నమ్ముకొన్న కొలువునకే వచ్చిరి. ఆనాడు రేడియో పెట్టె వరండాలో నుండెడిది కాదు, నడింట నుండెడిది. 1970లో పద్మభూషణ బిరుదము లభించినది. 1971 జూలై 24వ తేదీన గుంటూరిలో కన్నుమూసిరి.

ఈసారి మీ యూర నాటక మాడినపుడు, కాటిసీను ముగిసిన పిదప, హరిశ్చంద్ర వేషధారిని ఆ పద్యము లెవరివని ఒకసారి అడిగి చూడుడు.