అప్పగింపదగిన పని, అప్పగింపరాని బాధ్యత



నేడు నేను మాటలాడదలచిన విషయము పైకి చిన్నదిగా తోచును. ఆసుపత్రి వార్డులోని రిజిస్టర్డు నర్సు తన పనులలో వేనిని స్వయముగా చేయవలెను? వేనిని ఇతరులకు అప్పగింపవచ్చును? ఇది నర్సులకు మాత్రమే సంబంధించిన వ్యవహారమని తలపవలదు. ఆ “ఇతరుల”లో వార్డు ఆయా, వార్డు బాయి, నర్సింగు విద్యార్థిని మాత్రమే కాక, రోగి మంచము ప్రక్కన రాత్రింబవళ్లు కూర్చుండు మన తల్లులు, అన్నదమ్ములు కూడ ఉన్నారు. కావున ఇది మన యింటి విషయము.

మన జంషెడ్‌పూరునకు ఆసుపత్రి క్రొత్త కాదు. ఇచ్చటి కర్మాగారమున తొలి ఇనుము వెలువడినది 1911లో. నేటి టాటా మెయిన్ హాస్పిటల్‌కు మూలమైన చిన్న వైద్యశాల అంతకు మూడేండ్లు ముందే, 1908లో, ఏర్పడెను. శ్రీకాకుళము మొదలగు ప్రాంతములనుండి పనికై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు ఈ ఊర అనేకములు. వార్డులలో తెలుగు, హిందీ, బెంగాలీ, ఒడియా, సంతాలీ, హో భాషలు ఒకే దినమున వినబడును. ఈ సంగతికి గల ప్రాధాన్యము తరువాత మనవి చేసెదను.

“రిజిస్టర్డు” అను మాటకు అర్థమేమి? 1947లో భారత నర్సింగు కౌన్సిలు చట్టము వచ్చినది. నిర్ణీతమైన చదువు ముగించినవారి పేర్లు రాష్ట్రముల రిజిస్టరులలో చేరును. పేరు చేరుట గౌరవము మాత్రమే కాదు. చేసిన నిర్ణయమునకు జవాబు చెప్పవలసిన బాధ్యత కూడ. కార్యాలయమున చిత్తుప్రతి గుమాస్తా వ్రాయవచ్చును గాని, సంతకము చేసిన అధికారియే సమాధానము చెప్పవలెను గదా! 1950లో ఇచ్చట ప్రారంభమైన జాతీయ లోహ పరిశోధనశాల వంటి చోట్లను నమూనా తూచుట సహాయకుని పని కావచ్చును; ఆ తూనికనుండి సిద్ధాంతము చేయుట శాస్త్రజ్ఞుని పని. వార్డునందును న్యాయమిదియే. చేతిపని నప్పగింపవచ్చును, వివేచన నప్పగింపరాదు.

ఈ నిర్ణయమునకు కొన్ని ప్రశ్నలు తోడ్పడును. అమెరికాలోని నర్సుల సంఘమును, నర్సింగు మండలుల జాతీయ సమితియు కలిసి 2019లో ప్రకటించిన మార్గదర్శక సూత్రములందు ఇవి ఐదుగా చెప్పబడినవి: తగిన పనియా? తగిన పరిస్థితియా? తగిన వ్యక్తియా? తగిన రీతిని చెప్పితిమా? తగినట్లు పర్యవేక్షించుచున్నామా?

పక్క దుప్పటి మార్చుట, రోగికి స్నానము చేయించుట, మూత్రమును కొలిచి వ్రాయుట మొదలగునవి సాధారణముగా అప్పగింపదగిన పనులు. క్రొత్తగా వచ్చిన రోగి స్థితిని పరీక్షించి అంచనా వేయుట, శుశ్రూషాక్రమమును నిర్ణయించుట అట్టివి కావు. అయినను పని పేరును బట్టియే నిర్ణయింపజాలము. పది దినములుగా నిలుకడగా నున్న రోగికి రక్తపు పోటు చూచుట శిక్షణ పొందిన సహాయకురాలికి అప్పగింపవచ్చును. శస్త్రచికిత్స ముగిసి అప్పుడే వచ్చిన రోగి విషయమున ఆ అంకెతోపాటు ముఖవర్ణము, శ్వాస, కట్టులో తడిసిన రక్తము, అన్నిటిని కలిపి చూడవలెను. అచ్చట నర్సు కన్ను తప్పనిసరి.

అన్నము తినిపించుటకంటె సులభమైన పని ఏమున్నది? తల్లి బిడ్డకు చేయు పనియే గదా! కాని పక్షవాతము వచ్చిన వానికి మ్రింగు శక్తి సన్నగిల్లి యుండవచ్చును. ప్రేమతో పెట్టిన ముద్ద ఊపిరితిత్తులలోనికి పోయి న్యుమోనియాకు కారణము కావచ్చును. ఆ రోగి మ్రింగగలడా, ఎట్లు కూర్చుండబెట్టవలెను, ఎంత మెత్తని ఆహారము పెట్టవలెను అని పరీక్షించి నిర్ణయించిన పిమ్మటనే గిన్నె మన చేతికి రావలెను.

చెప్పు తీరు సంగతి ఇప్పుడు మనవి చేసెదను. “కొంచెము జ్వరము చూచుచుండమ్మా” అనుట చాలదు. “నాలుగు గంటలకు చూడుము, 101 దాటినచో వెంటనే నాకు చెప్పుము” అనవలెను. విన్నవారిచేత మరల చెప్పించుకొనవలెను. ఇన్ని భాషల ఊరిలో తల యూపుట అర్థమైనదనుటకు నిదర్శనము కాదు.

ఫ్లారెన్సు నైటింగేలు 1859లో వెలువరించిన శుశ్రూషా గ్రంథమున, తాను ఉన్నపుడు జరుగు పని తాను లేనపుడును జరుగునట్లు ఏర్పాటు చేయుట నర్సునకు ముఖ్యమని ప్రత్యేకముగా ఒక అధ్యాయమే వ్రాసినది. పని నప్పగించి మరచుట ఏర్పాటు కాదు. తిరిగివచ్చి చూచుట దానిలోని భాగమే. పని పుచ్చుకొన్నవారు తాము చేసిన దానికి ఉత్తరవాదులు; అప్పగించుటకును, తరువాత చూచుటకును నర్సు ఉత్తరవాది.

ఇందు రెండు విధములైన దోషములు కలవు. ఏమియు అప్పగింపని నర్సు దుప్పట్ల లెక్కలోను, రిజిస్టరులలోను మునిగి, రోగి ఊపిరి మారుటను గమనింపలేదు. అన్నియు అప్పగించు నర్సు రోగినే చూడదు. మనుష్యులు చాలరనుట అనేకచోట్ల నిజమే. కాని ఆ కొరత వలన అపాయకరమైన పని నిరపాయకరము కాజాలదు.

చివరగా మన కర్తవ్యము. ఆసుపత్రిలో మనకు ఏదైన పని చెప్పినపుడు మూడు ప్రశ్నలడుగుదము: ఎట్లు చేయవలెను? ఏమి కనబడినచో చెప్పవలెను? ఎవరికి చెప్పవలెను? సెలైను నెమ్మదిగా పోవుచున్నదని దాని చక్రమును మనమే త్రిప్పవలదు. మూత్రమును కొలువక పారబోసినచో ఆ మాట దాపరికము లేక చెప్పుదము. ఊహించి వ్రాయించిన అంకె, లేని అంకెకంటె కీడు. “ఈ పని నాకు తెలియదు, చూపింపుడు” అనుట అవమానము కాదు. అట్లడిగిన వారిని విసుగుకొనక, ఒక నిమిషము నిలిచి చూపుట నర్సులమైన మా విధి.