కెమెరా కంటికి రెప్ప

కెమెరాను గూర్చి ప్రసంగము వచ్చినపుడు ఎల్లరును కటకమును గూర్చియు, వెలుతురును గూర్చియు, వెలను గూర్చియు మాటలాడుదురు. కటకమునకు ముందుండు చిన్న మూతను గూర్చి మాటలాడువారు అరుదు. అది అరచేత ఇముడు ప్లాస్టిక్ బిళ్ళ. పోయినచో మరియొకటి కొనవచ్చును. కాని అది ఉండవలసిన చోట లేకపోయినను, ఉండరాని వేళ ఉన్నను కలుగు నష్టమును దాని వెలతో కొలువజాలము. కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములలో జాతరలకును, జలపాతములకును, అడవులకును కెమెరా భుజమున వేసికొని పోవు యువతీ యువకులు నేడు అనేకులు ఉన్నారు. వారికి ఉపకరించునను తలంపుతో ఈ మూతను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

మొదట ఈ మూత కేవలము రక్షణ కొరకే ఉండెడిది కాదు. గాజు పలకపై రసాయనములు పూసి, అది ఆరక పూర్వమే చిత్రము తీయు కాలమున సాధారణముగా కెమెరాకు షట్టరు ఉండెడిది కాదు. ఛాయాచిత్రకారుడు ముక్కాలిపై కెమెరాను నిలిపి, నల్లబట్టలో తల దూర్చి రూపమును సరిచూచుకొని, పలకను అమర్చి, మూతను చేతితో తీసి, మనస్సులో అంకెలు లెక్కించి, మరల మూత పెట్టెడివాడు. తీయుటకును పెట్టుటకును నడుమ గడచిన ఆ కొన్ని సెకనులే చిత్రమగును. హైదరాబాదు ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై 'రాజా' బిరుదము నందిన లాలా దీన్ దయాళ్ (1844-1905) ఈ విద్య నారంభించిన 1870 దశాబ్దమున వాడుకలో నున్న పద్ధతి ఇదియే. ఆనాడు మూతను పోగొట్టుకొనుట దుర్ఘటము. అది చేతిలోని పనిముట్టు. పనిముట్టును చేయి మరువదు.

తరువాత పలకలు చురుకైనవి. సెకనులో నూరవ వంతు కాలమును కొలుచు షట్టర్లు వచ్చినవి. మూతకు పని తప్పినది. పని తప్పిన వస్తువును చేయి మరచును. మూతలు పోవుటకు, మూత తీయకయే చిత్రములు తీయుటకు మూలమిదియే అని మా అభిప్రాయము.

చూచు కిటికీ వేరుగను, కటకము వేరుగను ఉండు పాత ఫిల్ము కెమెరాలలో ఈ మరపు మిక్కిలి ప్రమాదకరమైనది. కిటికీలో దృశ్యము స్పష్టముగా కనుపించును. షట్టరు చప్పుడు వినబడును. ముప్పదియారు చిత్రములును ముగియును. ఫిల్మును కడిగిన పిదప గాని ఒక్క చిత్రమును పడలేదని తెలియదు. కటకము గుండనే చూచు కెమెరాలు వచ్చిన తరువాత ఈ గండము తప్పినది. మూత ఉన్నచో చీకటియే కనుపించును. నేటి డిజిటల్ కెమెరాలలోను అంతే. అయినను ఆ చీకటిని చూచి, మూత తీసి, దానిని ఎక్కడ పెట్టుదుమా అని తడవుకొను లోపల దృశ్యము దాటిపోవును. గుస్సాడీ నెమలియీకల కిరీటము ఒకసారి తిరిగిన తీరున మరల తిరుగదు.

అట్లయినచో మూతను ఇంటనే విడిచి పోరాదా అని కొందరు అడుగవచ్చును. మన ప్రాంతమున అది మంచిది కాదు. గోదావరిఖని, రామగుండము పరిసరములలో బొగ్గు పొడి గాలిలో తేలుచుండును. సిరిసిల్ల మరమగ్గముల శాలలలో సన్నని నూలుపీచు ఎగురుచుండును. వేసవిలో ఎఱ్ఱమట్టి బాటలపై ఒక్క లారీ పోయిన చాలును, ధూళి కమ్ముకొనును. ఆ ధూళిలో ఇసుకరేణువులు కలవు. ఇసుకలోని స్ఫటికము గాజు కంటె గట్టిది. అట్టి రేణువు గాజుపై నుండగా చొక్కా అంచుతో తుడిచినచో గాజుపై పూసిన పలుచని పూత గీసికొనిపోవును. గీతను తుడిచివేయు బట్ట ఏ దుకాణమునను దొరకదు. మరియు గుడ్డ షట్టరు గల పాత కెమెరాలలో మూతలేని కటకమును సూర్యునివైపు తిప్పి ఉంచినచో, భూతద్దము కాగితమును కాల్చినట్లు ఎండ ఆ గుడ్డను కాల్చి రంధ్రము చేయును.

ఇక మూతను పట్టు విధానము. దీనికంతయు ఒక్కటే సూత్రము: మూతకు రెండే స్థానములు ఉండవలెను. ఒకటి కటకము, రెండవది దానికై ఏర్పరచిన జేబు. మూడవ స్థానము ఏదియు ఉండరాదు. బండి సీటు, గుడిమెట్టు, బండరాయి, పక్కనున్న మిత్రుని చేయి, ఇవన్నియు మూడవ స్థానములే. కొండగట్టు వంటి క్షేత్రములలో మెట్టుపై పెట్టిన వస్తువు మన కంటె ముందు కోతి కంటబడును. మిత్రుని చేతి కిచ్చిన మూత, అతడు మరియొకరిని పలుకరించు వేళ ఎక్కడనో ఒకచోట దిగును. పిదప ఇచ్చితివని ఒకరు, ఇవ్వలేదని ఒకరు.

జేబు ఎడమవైపుది కావలెను. కుడిచేయి కెమెరాను పట్టియుండును. మూత తీయు పని ఎడమచేతిది. చేయి తీసినచోటి నుండి తిన్నగా దిగు జేబే తగినది. ఆ జేబులో చిల్లర నాణెములు, తాళపుచెవులు, వక్కపొడి పొట్లము ఉండరాదు. మూత లోపలి ముఖము గాజుకు ఎదురుగా నుండును గదా! జేబులోని ధూళి దానికి అంటి, తిన్నగా గాజు మీదికే చేరును. జేబు లేని దుస్తులు ధరించువారు సంచి పట్టీకి ఒక చిన్న గుడ్డసంచి కుట్టించుకొనవచ్చును.

మూతను దారముతో కెమెరాకు కట్టుట కొందరి అలవాటు. ఊరిలో నడచునపుడు అది మంచిదే. కాని ముక్కాలిపై కెమెరా నిలిపి, గాలిలో ఎక్కువసేపు చిత్రము తీయునపుడు వ్రేలాడు మూత కెమెరాను కదపును. అడవిలో రేగుకంపకు తగులుకొనును. కదలు చిత్రము తీయునపుడు టకటక మను దాని చప్పుడు కూడ అందులో చేరును. అట్టి వేళల దారము విప్పి జేబునకే మరలవలెను.

రెండు మూడు కటకములు గలవారు వాని కొలతలు ఎఱిగి యుండవలెను. కటకము ముందటి అంచున 52, 58, 67, 77 అని మిల్లీమీటర్లలో అంకె వ్రాసియుండును. అదే అంకెను మూత లోపలను వ్రాసికొన్నచో తొందరలో తారుమారు కాదు. నల్లరేగడి నేలపై, రాత్రివేళ, నల్లని మూత పడినచో వెదకుట కష్టము. పైముఖమున చిన్న తెల్ల కాగితమొకటి అంటించిన చాలును, దివిటీ వెలుగులో కూడ కనుపించును. సంచి అడుగున మరియొక మూత ఉంచుకొనుట ఉత్తమము. కవ్వాల పులుల అభయారణ్యము వంటి అడవిలో పడిన ప్లాస్టిక్ మూత ఏండ్ల తరబడి మట్టిలో కలియదు. అది మనకు నష్టము, అడవికి మాలిన్యము.

ఎప్పుడు తీయవలెను, ఎప్పుడు పెట్టవలెను అనునదియు ముఖ్యమే. దృశ్యము కనుపించిన పిదప మూత తీయుట ఆలస్యము. చిత్రము తీయవలసిన తావున అడుగు పెట్టుటతోనే తీయవలెను. అప్పటి నుండి తావు విడుచువరకు అది జేబులోనే ఉండవలెను. నడుమ నడుమ కటకమును కాపాడుటకు దాని అంచున బిగించు గొడుగు వంటి గొట్టము చాలును. కుంతాల జలపాతమువద్ద వానకాలమున తుంపరలు గాజుపై పడును. తడి గాజుపై మూత పెట్టరాదు; లోన చిక్కుకొన్న తేమ వలన గాజుపై బూజు పట్టును. మెత్తని బట్టతో నీటిని అద్ది, ఆరిన పిదపనే మూయవలెను. ఆదిలాబాదు చలికాలపు వేకువలో తిరిగి వెచ్చని ఇంటిలోనికి వచ్చునపుడు మాత్రము, గుమ్మము దాటకముందే మూత పెట్టి, కెమెరాను సంచిలో మూసి ఉంచవలెను. అది మెల్లగా వేడెక్కును. గాజుపై మంచు పట్టదు.

మూత తీసిన తరువాత అది ఎక్కడికి చేరునో చూచుకొనుట పామరుల చింత మాత్రమే కాదు. సోవియట్ శాస్త్రజ్ఞులు శుక్రగ్రహముపై దింపిన నౌకలలో కెమెరాలకు మూతలు ఉండెను. 1975లో దిగిన వెనెరా 9, వెనెరా 10 నౌకలు రెండింటిలోను ఒక్కొక్క మూత ఊడలేదు. కావున సగము దృశ్యమే లభించెను. 1978లో వెనెరా 11, 12 నౌకల మూతలు ఏవియు ఊడలేదు. ఒక్క చిత్రమును రాలేదు. 1982లో వెనెరా 14 మూతలు చక్కగా ఊడినవి. కాని నేల గట్టిదనమును పరీక్షించుటకు చాచిన యంత్రహస్తము తిన్నగా పోయి, క్రింద పడియున్న మూతపైననే వాలెను. కోట్ల మైళ్ళు పోయి శుక్రుని నేలకు బదులు తమ మూతనే పరీక్షించినట్లయినది. పిట్ట కొంచెము, కూత ఘనము.

ఇంతవరకు మూత తీయుటను గూర్చియు, దాచుటను గూర్చియు చెప్పితిమి. మూత పెట్టుటలో మరియొక అర్థము కూడ కలదు. అది మర్యాదకు సంబంధించినది.

ఏటేట పుష్య అమావాస్యనాడు ఇంద్రవెల్లి మండలములోని కేస్లాపూరున మెస్రం వంశీయులైన గోండులు నాగోబాకు పూజ చేయుదురు. ఆ వంశమునకు వచ్చిన కొత్త కోడండ్రను దేవుని సన్నిధికి తోడ్కొనివచ్చి పరిచయము చేయుదురు. దీపావళి రోజులలో గూడెములందు దండారీ బృందములు ఆడును. వీనిని చూచుటకు వచ్చువారి చేతులలో కెమెరాలు నేడు లెక్కకు మిక్కిలి. కటకము తెరచియున్నంతవరకు ఎదుటి మనిషి, 'నన్ను తీయుచున్నారా, లేదా?' అను సందేహముతోనే యుండును. మూత పెట్టి కెమెరాను దించినచో ఆ సందేహము తీరును. అప్పుడు అతడు మనతో మాటలాడును. తన ఊరు, తన దేవుడు, తన పూర్వులు, అన్నియు చెప్పును. చిత్రమునకు అనుమతి దొరకునది సాధారణముగా మూత పెట్టిన ఆ ఘడియలోనే. వలదన్నచో మూత అట్లే ఉండవలెను.

ఆస్ట్రియా దేశమున జన్మించిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1940 దశాబ్దమున ఆదిలాబాదు గోండుల నడుమ నివసించి, 1948లో వారిని గూర్చి గ్రంథము ప్రకటించెను. ఆయన తీసిన ఛాయాచిత్రములు నేడును లండను విశ్వవిద్యాలయమునకు చెందిన ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థలో భద్రముగా ఉన్నవి. ఆయన సతి బెట్టీ సమాధి మార్లవాయిలో ఉన్నది. వచ్చిపోవు వారికి ఒక గూడెము అట్టి చోటు నొసగదు. నడుమ ఉండి, వారి మాట విని, వారి భాష నేర్చిన వారికే ఒసగును. అదే మార్లవాయి గుస్సాడీ కళాకారుడు కనక రాజు 2021లో పద్మశ్రీ పురస్కారమునకు ఎంపికై, 2024లో దివంగతుడయ్యెను. ఆయన అడుగులను ఇక కనులార చూడజాలము. తీసినవారు తీసినంతయే మిగిలినది. ఆ వేళ ఎవని కెమెరాపైనైన మూత ఉండిపోయినచో ఆ లోటును నేడు తీర్చువారు లేరు.

కావున కెమెరా నేర్చు మిత్రులకు మా మనవి ఇది. చిత్రములు తీయుటకు పూర్వము కొన్ని దినములు ఇంటివద్దనే, కనులు మూసికొని, మూత తీయుట, జేబున వేయుట, మరల పెట్టుట అభ్యసింపుడు. వ్రేళ్ళకు ఆ దారి తెలిసిన పిదప మనస్సునకు దానితో పని లేదు. మనస్సు ఎదుటి మనిషిపైననే నిలుచును. కంటికి రెప్ప ఎట్లో కటకమునకు మూత అట్లు. రెప్ప ఎప్పుడు తెరచుకొనునో, ఎప్పుడు మూసికొనునో మనము తలంపనక్కరలేదు. చూడవలసినది చూచును, చూడరానిదానిపై వాలును. మూతను గూర్చియు మన చేతికి అంతటి అలవాటు కలిగినచో, అరచేతి బిళ్ళ తన పని తాను చేసికొనిపోవును.