మానేయగలిగినవారి బేరం
(రావివలసలో చేసిన స్మారకోపన్యాసం)



ఆర్థికశాస్త్రం పాఠం చెప్పిన మాస్టారి పేరిట జరిగే సభ కనుక ఆయన సబ్జెక్టులోంచే ఒక ప్రశ్న తీసుకున్నాను. ఆడవాళ్ల కూలి ఎందుకు తక్కువ? ‘మొహమాటం, వాళ్లు అడగరు’ అంటారు. భావనపాడు తీరాన చేపల గంప దించిన మనిషితో ఒకసారి బేరమాడి చూడండి, ఆ జవాబు నిలవదు. ఈ కొనేవాడు కాకపోతే ఇంకొకడు వస్తాడని ఆమెకు తెలుసు. ఆ ధీమా జీడి ఫ్యాక్టరీలో ఎందుకు ఉండదన్నదే నా ప్రశ్న.

పలాస, కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీల్లో బాయిలర్, బస్తాలు సాధారణంగా మగవాళ్ల పని. పొట్టు తియ్యడం, నిండు పప్పునూ బద్దనూ ముక్కనూ వేరుచెయ్యడం ఆడవాళ్ల పని. పౌనుకు 220–240 పప్పులు తూగితే 240 రకం, 300–320 తూగితే 320 రకం. ఆ తేడాను చూపుతోనే పట్టేస్తారు. బజారులో ధర తెచ్చే నేర్పు అదే. మనం మాత్రం దాన్ని కూర్చుని చేసే తేలిక పని అంటాం.

1976 సమాన వేతన చట్టం ఒకే తరహా పనికి ఒకే కూలి ఇమ్మంది. 1987లో మెకినన్ మెకంజీ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు మహిళా స్టెనోగ్రాఫర్ పక్షాన తీర్పిచ్చింది. అక్కడ పోల్చి చూడటానికి అదే కంపెనీలో మగ స్టెనోగ్రాఫర్లున్నారు. పనులనే విడదీసి పంచేస్తే ఎవరితో పోల్చాలి?

ఇక పని వెతుక్కోవడం. కూలి గిట్టకపోతే మన ఉద్దానం ప్రాంతపు కుర్రాడు పలాసలో రైలెక్కుతాడు. విశాఖ, హైదరాబాద్, చెన్నై, అప్పు పుడితే గల్ఫ్. పోతాడన్న భయంతోనే మేస్త్రి రేటు పెంచుతాడు. అతని చెల్లెలు మాత్రం వంట చేసి వెళ్లి, పిల్లలు బడినుంచి వచ్చేలోగా తిరిగి రాగలిగినంత దూరంలోనే వెతకాలి. అక్కడ పని ఇచ్చేవాళ్లు ఇద్దరో ముగ్గురో. యజమానులు కొద్దిమందే అయినచోట కూలి ఎలా కుంగుతుందో ఆర్థికవేత్త జోన్ రాబిన్సన్ 1933లోనే రాసింది. మన దగ్గర అదంతా ఒక్క మాటలో తేలిపోతుంది: ‘నువ్వు మానెత్తే ఇంకొకర్తి వత్తాది.’

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను ఉద్దానం జీడి, కొబ్బరి చెట్లను కూల్చింది. తోటల్లో పిక్కలేరే పని తగ్గితే నష్టం రైతుతో ఆగదు. ‘ఇది కాకుంటే తోట పని’ అనుకునే ధైర్యమూ పోతుంది.

నియమం స్పష్టంగా ఉంటే ఆడవాళ్లూ అడుగుతారు. లీబ్రాండ్, లిస్ట్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలో సుమారు 2,500 మంది ఉద్యోగార్థులపై చేసిన ప్రయోగం 2015లో అచ్చయింది. జీతం సంగతి ప్రకటనలో స్పష్టంగా లేనప్పుడు మగవాళ్లే ఎక్కువగా బేరమాడారు. ‘జీతం మాట్లాడుకోవచ్చు’ అని రాశాక ఆ తేడా దాదాపు పోయింది. 2005 చట్టంతో వచ్చిన ఉపాధి హామీ కూడా ఊరి దగ్గరే పని, ఆడ మగలకు ఒకే రేటు అంది. దేశం మొత్తం మీద ఆ పనిదినాల్లో సగానికి పైగా ఆడవాళ్లవే అయ్యాయి.

అందుకే మూడు పనులు అడుగుతున్నాను. రకంవారీగా కిలో రేటు ఫ్యాక్టరీ గేటు దగ్గర తెలుగులో రాసి పెట్టాలి. షిఫ్టు వేళలకు పల్లెల నుంచి బస్సు నడవాలి. బ్యాంకుతో అప్పు మాట్లాడుతున్న డ్వాక్రా సంఘం కూలి కూడా మాట్లాడాలి. రేట్ల బోర్డు ఈ సీజన్లోనే పెట్టించవచ్చు. బేరమాడటం వాళ్లకు మనం నేర్పనక్కర్లేదు.