తెర వెనుక నిలిచినవాడు
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ గ్రంథాలయ రజతోత్సవమున నాటకమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించిరి. నేను నటుడను కాను. నేనెరిగినదెల్ల తెర వెనుకటి లోకమే. దానిని గూర్చియే నాలుగు మాటలు మనవి చేసెదను.

పాఠశాలకును నాటకమునకును చుట్టరికము నేటిది కాదు. 1880లో రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తమ విద్యార్థులచేత ‘వ్యవహార ధర్మబోధిని’ని ఆడించిరి. ఒంగోలు జిల్లాకు 1972లో ఎవరి పేరు పెట్టబడినదో, ఆ ప్రకాశం పంతులుగారును చదువుకొను దినములలో వేషములు కట్టినవారే. వారి పేర్లు నిలిచినవి. వారికి తెరత్రాడు లాగినవాడెవడో ఏ పుస్తకమును చెప్పదు.

మా పాఠశాలలో బలిజేపల్లివారి ‘హరిశ్చంద్ర’ ఆడ నిశ్చయించిన యేట, చంద్రమతి వేషము మొదట నాకే యిచ్చిరి. పదునైదు దినములు గడువుండగా నా కంఠము మారినది. పై స్థాయికి పోబోయిన చోటనెల్ల గొంతు బొంగురుపోయెను. మాస్టరుగారు ఒక్క మాటయు అనక, నాకంటె రెండేండ్లు చిన్నవాడైన యొక బాలునికి ఆ వేషమిచ్చి, నా చేతికి పుస్తకమిచ్చిరి. పద్యము మరచినవానికి మాట అందించుట నా పని.

ఆ పని తేలిక యనుకొనరాదు. కాటి సీనులో బలిజేపల్లివారి పద్యములతోబాటు జాషువాగారి శ్మశానవాటి పద్యములను గూడ పాడుట నటులకు వాడుక. కావున గ్రంథాలయమునుండి రెండు పుస్తకములు తెచ్చి, వరుస తప్పకుండ ఒక నోటుబుక్కులోనికి ఎత్తి వ్రాసికొంటిని. పెట్రోమాక్సు దీపమునకు నడుమ నడుమ గాలి కొట్టుటయు, తెరత్రాడు కప్పీనుండి జారకుండ చూచుటయు నా వంతే.

ఆ బాలుని తల్లి కూలిపని చేసికొనునది. వేషమునకు తన పెండ్లిచీర యిచ్చి, తాను ముందు వరుసలో చాపమీద కూర్చుండెను.

లోహితుని ఒడిలో నుంచుకొని యేడ్చు ఘట్టమున వాడు రెండవ పాదము మరచెను. కనిగిరినుండి వచ్చిన హార్మోనిస్టు అనుభవశాలి. శ్రుతి విడువక, ఆ స్వరమునే సాగదీసి, అది యొక రాగాలాపనయే యన్నట్లు నిలబెట్టెను. బాలుడు తెరవైపు చూచెను. మాట నా నాలుకపై నున్నది. పుస్తకము చూడవలసిన పనియే లేదు, నేను నేర్చిన పద్యమే గదా! అయినను నేను పలుకలేదు.

ఎంతసేపు? బహుశః రెండు ఊపిరులు. తెర సందునుండి చూడగా ఆ తల్లి నోటికి కొంగు అడ్డము పెట్టుకొని కదలక కూర్చుండెను. ఆమె కొడుకు మరచుట కామె భయపడినదో, లోహితుని మరణమున కేడ్చుచుండెనో నేటికిని నే నెరుగను. అప్పుడు మాట అందించితిని. వాడందుకొని యెత్తిన పద్యమునకు జనము ‘ఒన్సుమోరు’ అని కేకలు వేసిరి.

తెర దించిన పిమ్మట వాడు చీర మడచుకొనుచు నా యొద్దకు వచ్చి, “దీపము చాలలేదా అన్నా, పుస్తకము కనబడలేదా?” అని యడిగెను.

“ఔనురా” అంటిని.

ఆ నోటుబుక్కు నేడు ఈ గ్రంథాలయమునకు సమర్పించుచున్నాను. అక్షరములు ఇప్పటికిని చక్కగా కనబడును. ఆ రాత్రియు దీపము బాగుగనే వెలిగినది.