ఒక జెడ్ కారు పుట్టుక
(నెమిలిలో చేసిన స్మారకోపన్యాసం)



ఏ మేస్త్రిగారి జ్ఞాపకార్థం మనమిక్కడ కూడామో, ఆయనకు ఇంజన్ల ఊసు తప్ప మరొకటి రుచించేది కాదు. అందుకే ఒక కారు చరిత్ర చెబుతాను. అది డాట్సన్ 240 జెడ్. డాట్సన్ పేరు మనకు కొత్త కాదు. దగ్గర్లోని ఒరగడం కర్మాగారంలో 2014 నుంచి 2022 దాకా ఆ పేరుతో చిన్న కార్లు తయారయ్యాయి. అయితే ఆ పేరుకు ప్రపంచఖ్యాతి తెచ్చింది 1969లో వచ్చిన రెండు సీట్ల కూపే.

డాట్సన్ కార్లు చేసే నిస్సాన్ కంపెనీ 1960లో యుతాకా కతయామా అనే ఉద్యోగిని అమెరికా పంపింది. అక్కడి కుర్రకారు ఇంగ్లండు స్పోర్ట్స్ కార్ల మీద మోజుపడేవారు. వాటిలో చౌకవి వానకు కారేవి, మాటిమాటికీ షెడ్డుకెక్కేవి. జాగ్వార్ ఈ-టైప్ అందరికీ అందేది కాదు. ఆ రెంటికీ మధ్య ఖాళీ ఉందని కతయామా పసిగట్టి, గట్టి ఇంజనున్న, టాపున్న, నమ్మకమైన కారు కావాలని టోక్యోను పోరుతూనే ఉన్నాడు.

రూపం ఎవరిదన్న తగవు నేటికీ ఉంది. బీఎండబ్ల్యూ 507కు రూపమిచ్చిన ఆల్బ్రెక్ట్ గోర్ట్జ్ 1960ల నడుమ నిస్సాన్‌కు సలహాదారు. అప్పట్లో యమహాతో కలిసి మొదలుపెట్టిన స్పోర్ట్స్ కారు పని మధ్యలో ఆగింది. తర్వాత యమహా టయోటాతో చేరి 2000 జీటీ చేసింది. జెడ్ రూపం మాత్రం గోర్ట్జ్ వెళ్లాక యోషిహికో మత్సువో బృందం కాగితం మీద, మట్టి నమూనాల మీద మలచినదే. గోర్ట్జ్ ప్రభావం కొంత ఉంటే ఉండవచ్చు, కానీ పేరు దక్కాల్సింది మత్సువోకే అంటాను. పేరున్న విదేశీయుడికి కీర్తి అప్పనంగా అంటగట్టడం మనకూ అలవాటే కదా!

మెకానిక్కులు ఎక్కువున్న సభ కనుక ఇంజన్ దగ్గర కాస్త ఆగుతాను. డాట్సన్ 510లో 1,595 సీసీ, నాలుగు సిలిండర్ల ఎల్16 ఇంజన్ ఉండేది. 83 మిల్లీమీటర్ల బోరు, 73.7 మిల్లీమీటర్ల స్ట్రోకు అలాగే ఉంచి ఆరు సిలిండర్లు పెడితే 2,393 సీసీ ఎల్24 అయింది. దానికి ఎస్‌యూ తరహా హిటాచీ కార్బురేటర్లు రెండు. కంపెనీ లెక్కలో 151 హార్స్‌పవర్. చేతిలో ఉన్న కొలతలనే వాడుకున్నారు కాబట్టి ధర పెరగలేదు. నాలుగు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్, ముందు డిస్క్ బ్రేకులు, వెనక డ్రమ్ములు. జపాన్‌లో పన్ను లెక్క వేరు కనుక అక్కడ ప్రధానంగా 2,000 సీసీ ఇంజన్‌తో అమ్మారు.

అమెరికాలో దాని ధర 3,526 డాలర్లు. ఫెయిర్‌లేడీ అన్న జపాన్ పేరు కతయామాకు నచ్చక, అక్కడికొచ్చిన కార్ల మీది ఆ బిళ్లలు పీకించి 240 జెడ్ బిళ్లలు పెట్టించాడు. తుప్పు మాత్రం దాని శాపం. బాగా నిలిచిన పాత జెడ్ దొరకడం అందుకే కష్టం.

ఆఫ్రికా మట్టిదారుల్లో సాగే సఫారీ ర్యాలీని ఈ కారు 1971లో ఒకసారి, 1973లో మరోసారి గెలిచింది. రెండోసారి స్టీరింగ్ పట్టింది ఉగాండాలో పుట్టిన భారత సంతతివాడు శేఖర్ మెహతా. ఉగాండా నుంచి మనవాళ్లను వెళ్లగొట్టిన మరుసటి ఏడాది అది. ఆ ర్యాలీని ఆయన మొత్తం అయిదుసార్లు గెలిచాడు.

తర్వాత 260, 280 జెడ్‌లు వచ్చాయి. ఈ తరం కారు 1978 దాకా నడిచి, అయిదు లక్షలకు పైగా అమ్ముడుపోయింది.

ఆనాటి జాగ్వార్ పేరు ఇవాళ టాటాల చేతిలో ఉంది. జాగ్వార్ ల్యాండ్ రోవర్ కార్లు కూడా తయారుచేసేందుకు, 9,000 కోట్ల రూపాయల కర్మాగారానికి మన తాలూకాలోని పనపాక్కంలో 2024 సెప్టెంబర్ 28న శంకుస్థాపన జరిగింది. అక్కడ పనికి వెళ్లే పిల్లలకు బోల్టు బిగించడమే కాక బొమ్మ గీయడం, మట్టి నమూనా మలచడం కూడా నేర్పాలని మన ఐటీఐ, పాలిటెక్నిక్ ఉపాధ్యాయులను కోరుతున్నాను.