అద్దెలో కరిగిపోని కూలి: వియెన్నా నగర గృహనీతి

ఆర్థిక అసమానతను కొలిచేవారు ఆదాయాన్నీ ఆస్తినీ లెక్కలోకి తీసుకుంటారు గాని, చేతికందిన కూలిలో ఎంత భాగం నెల తిరిగేసరికి ఇంటి యజమానికి చేరుతున్నదో అంత శ్రద్ధగా చూడరు. వేతనం పెరిగినప్పుడల్లా అద్దె కూడా దాని వెంటే పెరుగుతూ పోతే, కార్మిక సంఘాలు పోరాడి సాధించినది చివరకు నేల ఉన్నవారి ఖాతాలోనే పడుతుంది. ఈ సంగతిని వందేళ్ల కిందటే గుర్తించి, దాని మీదనే తన ఆర్థిక విధానాన్ని నిలబెట్టుకున్న నగరం ఆస్ట్రియా రాజధాని వియెన్నా. ఆ నగరం కట్టిన ఇళ్ల అందచందాల గురించి చాలామందే రాశారు. వాటికి డబ్బు ఎవరి దగ్గరనుంచి వచ్చింది, కట్టిన తరువాత అవి ఎవరి చేతిలో ఉన్నాయి అన్న రెండు ప్రశ్నలను పట్టుకుని చూస్తే గాని ఆ అనుభవం విలువ తెలియదు.

మొదటి ప్రపంచయుద్ధానికి ముందే వియెన్నా జనాభా 20 లక్షలు దాటింది. శ్రామికవాడల్లోని బహుళ అంతస్తుల భవనాల్లో నీటి కుళాయీ మరుగుదొడ్డీ నడవలో అందరికీ ఉమ్మడిగా ఉండేవి. అద్దె భారం మోయలేని కుటుంబాలు తమ ఇరుకు గదిలోనే ఒక పడకను రోజులో కొన్ని గంటల చొప్పున బయటివారికి అద్దెకిచ్చేవి. క్షయ ఎంతగా పెచ్చుపెరిగిందంటే యూరప్‌లో దానికి వియెన్నా జబ్బు అన్న పేరే పడింది. యుద్ధకాలంలో, 1917లో, సైనికుల కుటుంబాలు వీధినపడకుండా ప్రభుత్వం అద్దెలను కట్టడి చేయగా, ఆ వెనుక వచ్చిన ద్రవ్యోల్బణంలో ఆ అద్దెల విలువ దాదాపు అడుగంటింది. లాభం లేని చోట ప్రైవేటు నిర్మాణం ఆగిపోయింది, నేల ధర పడిపోయింది. అద్దె నియంత్రణ వల్ల నిర్మాణం కుంటుపడుతుందని విమర్శకులు చెప్పే మాట అక్కడ నిజమే అయింది గాని, ధర పడిపోయిన ఆ నేలను నగరపాలక సంస్థ కొని తానే కట్టడానికి పూనుకోవడంతో కథ మరో దారి పట్టింది.

1919 మేలో, స్త్రీలకు కూడా ఓటుహక్కు లభించిన తరువాత జరిగిన నగర ఎన్నికల్లో సోషల్ డెమోక్రాట్లు సంపూర్ణ ఆధిక్యం సాధించారు. 1922 జనవరి 1 నుంచి వియెన్నా ప్రత్యేక రాష్ట్ర హోదా పొందడంతో, సొంతంగా పన్నులు వేసే అధికారం నగరానికి దక్కింది. ఆర్థిక వ్యవహారాలు చూసిన హ్యూగో బ్రైట్నర్ అంతకు ముందు బ్యాంకు డైరెక్టరుగా పనిచేసినవాడు; డబ్బు ఎక్కడ ఉంటుందో, ఎలా దాగుతుందో ఎరిగిన మనిషి. షాంపేను మీద, కార్ల మీద, ఇంట్లో పెట్టుకున్న పనివారి సంఖ్య మీద, గుర్రప్పందేల మీద పన్నులు వేసిన తరువాత, 1923లో గృహనిర్మాణ పన్నును తెచ్చాడు. ఇది పురోగామి పన్ను, అంటే స్తోమత పెరిగేకొద్దీ రేటు కూడా పెరిగే పన్ను: చిన్న ఇంటివారు నామమాత్రంగా చెల్లిస్తే, నగరంలోని అత్యంత ఖరీదైన అర శాతం ఇళ్లూ భవనాల నుంచే మొత్తం రాబడిలో దాదాపు 45 శాతం వచ్చింది. ఆ డబ్బుతో, అప్పు చేయకుండా కట్టడం వల్ల అద్దెలో వడ్డీ భాగం లేకుండా పోయింది. వియెన్నా అనుభవానికి వెన్నెముక ఈ ఒక్క నిర్ణయమే.

అయిదేళ్లలో 25 వేల ఇళ్లు కట్టాలని 1923లో తీర్మానించుకున్న నగరం, 1934 నాటికి 60 వేలకు పైగా కట్టింది. వాస్తుశిల్పి కార్ల్ ఏన్ రూపొందించగా 1930లో ప్రారంభమైన కార్ల్ మార్క్స్ హోఫ్ ఒక్కదానిలోనే 1,382 ఇళ్లున్నాయి. కిలోమీటరుకు మించి సాగే ఆ సముదాయంలో నేలలో అయిదో వంతు కూడా కట్టడానికి వాడలేదు, మిగిలినదంతా చెట్లకూ పిల్లల ఆటలకూ వదిలి, బట్టలుతికే శాలలు, స్నానశాలలు, బాలవాడి, గ్రంథాలయం, దంతవైద్యశాల చేర్చారు. నిరుద్యోగం తీవ్రంగా ఉన్న కాలం గనుక యంత్రాలకన్నా ఎక్కువ చేతులకు పని దొరికే ఇటుక నిర్మాణాన్నే ఎంచుకున్నారు. అద్దె నిర్వహణ ఖర్చులకు సరిపడేంతే కావడంతో అది శ్రామికుడి ఆదాయంలో సుమారు 4 శాతం దాటలేదు. అద్దె తగ్గితే పనిలో పెట్టుకున్న యజమానులు కూలి పెంచకుండా తప్పించుకుంటారన్న వాదన ఆనాడే వినిపించింది. అందులో బలం లేకపోలేదు. అయితే తనను ఎవరూ ఖాళీ చేయించలేరన్న ధీమాతో బేరమాడే కార్మికుడి స్థితి, వచ్చే నెల అద్దెకు భయపడేవాడి స్థితి ఒకటి కావు.

1934 ఫిబ్రవరి అంతర్యుద్ధంలో కార్ల్ మార్క్స్ హోఫ్ మీద ఫిరంగులు పేలాయి, సోషల్ డెమోక్రటిక్ పార్టీ నిషిద్ధమైంది. 1938లో నాజీలు ఆస్ట్రియాను కలుపుకున్నాక యూదు కుటుంబాలను ఈ నగర గృహాల నుంచే వెళ్లగొట్టారు. ప్రజల ఆస్తి కూడా అధికారం చేతులు మారితే ఎవరిని మనుషులుగా లెక్కిస్తుందో మార్చుకోగలదన్న ఈ చేదు నిజాన్ని వియెన్నాను కీర్తించేవారు దాటవేయకూడదు. బ్రైట్నర్ 1946లో కాలిఫోర్నియాలో, ప్రవాసంలోనే కన్నుమూశాడు.

యుద్ధానంతరం నగరం మళ్లీ కట్టడం మొదలుపెట్టింది. నేడు దాని చేతిలో దాదాపు 2 లక్షల 20 వేల ఇళ్లున్నాయి. వీటికి తోడు పరిమిత లాభ సంఘాలు కట్టినవి దాదాపు అన్నే ఉన్నాయి: ఈ సంఘాలు వాస్తవ వ్యయానికి తగిన అద్దె మాత్రమే వసూలు చేయాలి, మిగులును తిరిగి ఇళ్ల మీదనే పెట్టాలి. నిర్మాణ సహాయం కోసం జీతంలో కొంత భాగాన్ని, ఉద్యోగి సగం యజమాని సగం, దేశమంతటా చెల్లిస్తారు. బ్రిటన్ 1980 నుంచి ప్రభుత్వ గృహాలను అందులో ఉన్నవారికే తగ్గింపు ధరకు అమ్మింది; బెర్లిన్ 2004లో 65 వేల ఇళ్లున్న సంస్థను పెట్టుబడిదారులకు అమ్మి, తరువాత పశ్చాత్తాపపడింది. వియెన్నా అలా అమ్ముకోలేదు. ఆదాయ పరిమితిని ఎత్తుగా ఉంచి ఉపాధ్యాయులకూ నర్సులకూ కూడా చోటివ్వడం వల్ల, ఆ ఇళ్లు పేదల వాడలన్న ముద్ర పడలేదు, వాటిని కాపాడే ఓటర్లూ తగ్గలేదు.

వాతావరణ విధానానికి ఈ యాజమాన్యం ఊహించని వరమైంది. అద్దె ఇంటి గోడలకు ఉష్ణరోధక పొర వేయించే ఖర్చు యజమానిది, తగ్గిన వేడిమి బిల్లు లాభం అద్దెదారుది. ఇలా ఖర్చూ ఫలమూ వేరువేరు చేతుల్లో ఉన్నందువల్లనే ప్రపంచమంతటా పాత ఇళ్ల మరమ్మతు ముందుకు సాగదు. యజమాని నగరమే అయితే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది. 2040 నాటికి కర్బన తటస్థత సాధించాలని లక్ష్యం పెట్టుకున్న వియెన్నాలో, చెత్తను కాల్చగా వచ్చే వేడిని కూడా గొట్టాల ద్వారా ఇళ్లకు పంపే వ్యవస్థ ఇప్పటికే లక్షల ఇళ్లకు చేరింది. గ్యాసు బాయిలర్లు మాత్రం ఇంకా లక్షల్లో ఉన్నాయి, వాటిని తొలగించే భారం ఎవరిదన్న తగవు తెగలేదు.

లోపం మరొకటి ఇంతకంటే లోతైనది. నగర గృహానికి దరఖాస్తు చేయాలంటే రెండేళ్లు అక్కడ నివసించి ఉండాలి. ఈలోగా కొత్తగా వచ్చిన వలసకూలీ గడువు తీరితే ఖాళీ చేయవలసిన ప్రైవేటు ఒప్పందాల్లో, హెచ్చు అద్దెలకు బతకాలి. నగరాన్ని నడిపించే కష్టం చేసేవారే దాని రక్షణకు వెలుపల నిలబడడం సమర్థించదగినది కాదు.

ఇక మన దగ్గరికి వస్తే, తెలుగు నేల మీద గృహనీతి అంటే ఇంటిపట్టా, సొంతిల్లు. 2006లో మొదలైన ఇందిరమ్మ పథకం నుంచి తెలంగాణ డబుల్ బెడ్‌రూం ఇళ్ల దాకా ఆలోచన అదే, దాని మేలును కాదనలేము. కాని పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో హైదరాబాదుకు వచ్చిన నిర్మాణ కూలీకి పట్టా ఊళ్లో ఉంటుంది, పని నగరంలో ఉంటుంది. మధ్యలో ఉండేది రేకుల షెడ్డు, మే నెల ఎండకు రాత్రి కూడా చల్లారని కప్పు. అతడికి కావలసినది పనిచోటుకు దగ్గరలో న్యాయమైన అద్దెకు దొరికే గది, దానికి మొదటి అవసరం ప్రభుత్వం చేతిలో ఉన్న నేల. వియెన్నాలో 2019 నుంచి అమలైన నియమం ప్రకారం, కొత్తగా నివాసానికి మార్చిన పెద్ద స్థలాల్లో మూడింట రెండు వంతులు ప్రభుత్వ సహాయంతో కట్టే గృహాలకే కేటాయించాలి, అక్కడ నేల ఖర్చు నిర్మిత వైశాల్యంలో చదరపు మీటరుకు 188 యూరోలు మించరాదు. 2023 ఆగస్టులో హైదరాబాదు అంచున కోకాపేటలో ప్రభుత్వమే వేలం వేసిన భూమిలో అత్యధిక ధర ఎకరాకు 100 కోట్ల రూపాయలకు పైగా పలికింది. ఆ ధరకు కొన్న నేల మీద కూలీ భరించగల అద్దెకు గది కట్టడం ఏ బిల్డరుకూ సాధ్యం కాదు. వేలానికి ముందే అందులో కొంత భాగాన్ని అద్దె ఇళ్లకు ఆపి ఉంచడం ప్రభుత్వానికి మాత్రం పూర్తిగా సాధ్యం.